పాత రైతు ఇంటి చరిత్ర రాసే పద్ధతి: ఇంగ్లండ్ పల్లెల నుంచి ఉత్తరాంధ్ర ఊళ్ళకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో మూడు నాలుగు తరాల నాటి రైతు ఇళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిని కట్టించిన వారి పేర్లు మనుమలకు తెలుసు, మునిమనుమలకు సగమే తెలుసు, ఆ తరువాతి వారికి తెలిసే దారి లేదు. పాత ఇంటిని పడగొట్టి డాబా వేసుకోవడం ఆ కుటుంబం హక్కు, చాలాసార్లు అవసరం కూడా. కాని గోడలతో పాటు ఇంటి చరిత్ర కూడా ట్రాక్టరు ట్రక్కులో మట్టిగా వెళ్ళిపోవలసిన పని లేదు. ఆ చరిత్రను సాక్ష్యాలతో, ఒక క్రమంలో రాసిపెట్టుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు నమూనాగా ఇంగ్లండ్ పల్లెల్లోని రక్షిత రైతు ఇంటిని తీసుకుంటున్నాను. రాజుల కోటలను, చర్చిలను మాత్రమే కాక, పేరులేని రైతు కాపురమున్న ఇంటిని కూడా ఓపికగా చదివి, ఏ భాగం ఎప్పటిదో తేల్చి రాసే అలవాటు అక్కడ బాగా స్థిరపడింది. ఆ అలవాటులో మనం నేర్చుకోదగినది చాలా ఉందని నా నమ్మకం.

ముందుగా అక్కడి రక్షణ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంతో పాత కట్టడాల జాబితా తయారీకి పునాది పడింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1990 నాటి చట్టం. జాబితాలో ఇప్పటికి దాదాపు నాలుగు లక్షల నమోదులు ఉన్నాయి. గ్రేడ్ ఒకటి, గ్రేడ్ రెండు నక్షత్రం, గ్రేడ్ రెండు అని మూడు తరగతులు ఉండగా, తొంభై శాతానికి పైగా కట్టడాలు చివరి తరగతిలోనే ఉన్నాయి. రైతు ఇళ్ళలో అత్యధికం అక్కడివే. 1700కు ముందు కట్టినదై, అసలు రూపం చాలావరకు మిగిలి ఉంటే ఆ కట్టడం దాదాపు తప్పకుండా జాబితాకెక్కుతుంది. 1700 నుంచి 1850 మధ్య కట్టినవాటిలోనూ ఎక్కువ భాగం ఎక్కుతాయి. జాబితాలో చేరిన ఇంటికి దాని స్వభావం మారేలా మార్పు చేయాలంటే స్థానిక ప్రణాళికా అధికారుల అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేస్తే అది నేరం. అన్నిటికన్నా నాకు నచ్చిన నిబంధన మరొకటి ఉంది: ఇంటి ఆవరణలో 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న ధాన్యపు కొట్టం, పశువుల శాల, బండి చావడి, ప్రహరీ గోడ వంటివి కూడా ఇంటితో పాటే రక్షణ కిందికి వస్తాయి. రైతు ఇల్లంటే వాళ్ళు నాలుగు గోడలను మాత్రమే లెక్కించలేదు.

మన దగ్గర 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో దేశం మొత్తం మీద ఉన్నవి దాదాపు 3,700 కట్టడాలు, స్థలాలు. మన ప్రాంతం నుంచి శ్రీముఖలింగం ఆలయాలు, శాలిహుండం బౌద్ధ శిథిలాల వంటివి వాటిలో ఉన్నాయి. విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇల్లు స్మారకంగా నిలిచిందంటే అది ఆయన పేరు వల్ల. ఒక సామాన్య రైతు కట్టుకున్న పెంకుటిల్లు, అది పెంకుటిల్లు అయినందుకే, ఏ జాబితాలోనూ చోటు సంపాదించుకోలేదు. కాబట్టి మన ఇళ్ళకు ప్రస్తుతం దక్కగల రక్షణ సరిగా రాసిన చరిత్రే. రాయడానికి ప్రభుత్వ ముద్ర అవసరం లేదు. టేపు, నోటు పుస్తకం, ఫోను కెమెరా, కొంత ఓపిక ఉంటే సరిపోతుంది.

ఒకే పుట్టినరోజు ఉండదు

పని మొదలుపెట్టే ముందు మనసులో నిలుపుకోవలసిన మాట ఒకటుంది. పాత ఇంటికి ఒకే పుట్టినరోజు ఉండదు. “ఈ ఇల్లు ఎప్పటిది?” అని మొదలుపెడితే ఎవరో ఒకరు “రెండు వందల ఏళ్ళ నాటిది” అంటారు, విచారణ అక్కడితో ఆగిపోతుంది. “ఇందులో ఏది ముందు, ఏది తరువాత?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి.

దక్షిణ ఇంగ్లండ్‌లోని ఒక సాధారణ పాత రైతు ఇంటి కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. పదిహేనో శతాబ్దంలో ఓక్ చెక్క చట్రంతో, చట్రం మధ్య ఖాళీలను అల్లిన పుల్లల దడికి మట్టి మెత్తి మూసి కట్టిన ఇంట్లో నడిమి గది నేల నుంచి కప్పు దాకా ఒకే ఎత్తున తెరిచి ఉండేది. పొగగొట్టం లేదు, గది మధ్య నేల మీదే నిప్పు రాజేసేవారు, పొగ కప్పులోకి లేచి సందుల గుండా బయటికి పోయేది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఆ గదిలో ఇటుక పొగగొట్టం కట్టి, మధ్య ఎత్తులో అటక వేసి, పైన పడక గదులు చేసుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో కొంత డబ్బు చేరాక చెక్క ముఖం మీద ఇటుక గోడ కప్పారు. పందొమ్మిదో శతాబ్దంలో పొలాలు కొద్దిమంది చేతుల్లోకి చేరడంతో అటువంటి ఇళ్ళు చాలా చోట్ల కూలీల కాపురాలుగా ముక్కలయ్యాయి, ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ ఒకటయ్యాయి. ఇప్పుడు వీధిలో నిలబడి చూసేవారికి అది ఇటుక ఇల్లే. అటకెక్కి దీపం వేస్తే వాసాలకు పట్టిన మసి కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ కప్పు కింద పొగగొట్టం లేకుండా పొయ్యి మండిందనడానికి అదే సాక్ష్యం. ఇళ్ళను ఇలా పెద్ద ఎత్తున తిరగకట్టిన కాలం 1570 నుంచి 1640 వరకు అని చరిత్రకారుడు హోస్కిన్స్ 1953లో ప్రతిపాదించాడు. ప్రాంతాన్ని బట్టి ఆ కాలం మారుతుందని తరువాతి పరిశోధకులు సవరించారు. ఇళ్ళను ఒక్కొక్కటిగా చదివినందువల్లే ఆ సవరణ సాధ్యమైంది.

కెంట్ కౌంటీలోని చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండే బేలీఫ్ అన్న రైతు ఇల్లు మన జిల్లా వారికి ప్రత్యేకంగా తెలియవలసినది. బౌ బీచ్ జలాశయం కట్టడంతో అది మునిగే స్థితి వచ్చింది. 1960ల చివర దానిని విప్పి, ప్రతి చెక్కకూ గుర్తు వేసి, పశ్చిమ ససెక్స్‌లోని సింగిల్టన్‌లో ఉన్న ఆరుబయలు మ్యూజియానికి తరలించి తిరిగి నిలబెట్టారు. చెక్కలోని వలయాలను లెక్కించి చూడగా హాలు భాగం పదిహేనో శతాబ్దం తొలి దశాబ్దాలదని, ఒక కొసనున్న గదులు పదహారో శతాబ్దం ఆరంభంలో చేర్చినవని తేలింది. హిరమండలం దగ్గర వంశధార జలాశయం కోసం ఖాళీ అయిన ఊళ్ళ ఇళ్ళను తలుచుకుంటే, వాటిలో ఒక్క ఇంటికైనా కొలతలతో గీసిన పటం మిగిలి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఇంటిని తరలించడం అందరికీ సాధ్యం కాదు. పటం గీయడం సాధ్యమే.

ముందు ఇంటిని చదవాలి

కాగితాల వెంట పడే ముందు ఇంటినే చూడాలి. దస్తావేజులో ఉన్నది చదివాక కళ్ళు దానినే వెతుకుతాయి, ఉన్నది కనిపించదు. అందుకే మొదట నేల పటం గీయాలి. ఒక మీటరును రెండు సెంటీమీటర్లుగా తీసుకుంటే గళ్ళ కాగితం మీద చక్కగా వస్తుంది. ప్రతి గది నాలుగు వైపులా కొలవడంతో ఆగకుండా మూల నుంచి మూలకు కూడా రెండు కొలతలు తీయాలి. పాత గదులు చాలావరకు సరైన చతురస్రాలు కావు, ఆ వంకర ఎక్కడ మొదలైందో అక్కడే తరువాత చేర్చిన భాగం దొరుకుతుంది. గుమ్మాల దగ్గర గోడ మందం తప్పకుండా కొలవాలి. ముందు రెండు గదుల గోడలు రెండడుగుల మట్టి గోడలై, వెనక వంటిల్లు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలతో ఉంటే, పటం మీద ఆ తేడాయే రెండు దశలను చూపిస్తుంది.

మన ప్రాంతంలో ఇంటి రకాన్ని గుర్తించడం కూడా ఈ దశలోనే జరగాలి. తీరం వైపు తాటాకు కప్పిన చుట్టిళ్ళు, ఊరి నడిమి వీధుల్లో ఒకే కప్పు కింద ఉమ్మడి గోడలతో వరుసగా సాగే పొడవాటి ఇళ్ళు, కలిగిన కుటుంబాల మండువా లోగిళ్ళు, ఒక్కోదాని చరిత్ర ఒక్కో తీరుగా నడుస్తుంది. వరుస ఇళ్ళలో వీధి అరుగు, వసారా, లోపలి గది, వంటిల్లు, పెరడు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి గనుక ఇల్లు పక్కకు పెరగలేదు, వెనక్కే పెరిగింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. అలాంటి ఇంటి చరిత్ర రాయాలంటే పక్కింటిలోకి కూడా అడుగుపెట్టాలి. ఒక దూలం సగం మీ ఇంట్లో, సగం వారి ఇంట్లో ఉందంటే విడిపోయిన ఇల్లు ఒకప్పుడు ఒకటేనన్నమాట. ముందుగా చెప్పి, పెద్దల అనుమతి తీసుకుని వెళ్ళడం మర్యాద. ఆస్తి తగాదా నడుస్తున్న ఇంట్లో టేపు తీయకపోవడం మంచిది.

గోడల దగ్గర వెతకవలసినది అతుకు. ఒకేసారి కట్టిన ఇటుక గోడలో ఇటుకలు ఒకదానిలోకి ఒకటి పట్టు ఇస్తూ సాగుతాయి. తరువాత చేర్చిన గోడ పాత గోడకు ఆనుకుని నిలబడుతుంది, రెండింటి మధ్య పై నుంచి కింది దాకా ఒక నిలువు గీత కనిపిస్తుంది. సున్నం పూత కింద అది దాగి ఉన్నా, చాలాసార్లు పగులు సరిగ్గా అక్కడే వస్తుంది. మట్టి గోడలో వరుసల మధ్య అడ్డ గీతలు ఉంటాయి. మూసివేసిన గుమ్మాలు, కిటికీలు గూళ్ళుగా మారిపోయి ఉంటాయి. ప్రతి గూటినీ అనుమానంతో చూడాలి. ఇంగ్లండ్‌లో మూసిన కిటికీ కనిపించగానే 1696 నుంచి 1851 దాకా వసూలైన కిటికీ పన్నే కారణమని చెప్పేస్తారు, కాని కొన్ని చోట్ల ముఖభాగం సమంగా కనిపించడానికి మొదటి నుంచీ మూసినవే పెట్టారు. బాగా ప్రచారమైన కారణాన్ని ఆ ఇంటి గోడ ఒప్పుకుంటుందో లేదో చూడకుండా రాయకూడదు.

గోడలకు వాడిన పదార్థం కూడా కాలం చెబుతుంది, కాని ఒక వైపు మాత్రమే. భారతదేశంలో సిమెంటు తయారీ పోర్‌బందర్‌లో 1914లో నిలదొక్కుకుంది. మన పల్లెలకు అది మరింత ఆలస్యంగా చేరింది. గానుగ సున్నం పూత మీద సిమెంటు పూత ఉంటే సిమెంటు తరువాతిదని తేలుతుంది. అడుగున ఉన్న సున్నం ఎంత పాతదో తేలదు. ఇదే తర్కం పెంకుకు వర్తిస్తుంది. కుమ్మరి చేసిన గూనపెంకు మీద తేదీ ఉండదు. మర మీద అచ్చు వేసిన పెంకుల కార్ఖానాను బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారు మంగుళూరులో 1865లో స్థాపించారు. మనం బెంగుళూరు పెంకు అనే ఈ పెంకును తీసి బోర్లించి చూస్తే అడుగున కార్ఖానా పేరు, ఊరు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపిస్తాయి. ఆ పేర్లన్నిటినీ ఫోటో తీయాలి, ఏ వాలు మీద ఏ పెంకు ఉందో పటం మీద గుర్తించాలి. ఒకే వాలు మీద మూడు కార్ఖానాల పెంకులు కలిసి ఉంటే కప్పును ఒకటికి మించి సార్లు సరిచేసి ఉండవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఎన్నో కప్పులను లేపేశాయి కాబట్టి కొత్త పెంకులకు కారణం ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. పెంకు వయసు కప్పు మీది పరుపుకు మాత్రమే చెందుతుందని, ఇంటికి కాదని మరచిపోకూడదు. పైకెక్కే పని పెంకు నేసే మనిషికే అప్పగించాలి. చెద పట్టిన వాసాలు పై నుంచి చూస్తే గట్టిగానే కనిపిస్తాయి.

నా దృష్టిలో ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది కప్పు కింది చెక్క. వెలుతురు ఏటవాలుగా పడేలా టార్చి పట్టుకుని దూలాలు, స్తంభాలు ఒక్కొక్కటే చూడాలి. ఒక చెక్క కొనను మరొక చెక్కలోకి దించడానికి తొలిచిన బెజ్జం ఖాళీగా ఉందంటే, అక్కడ ఒకప్పుడు ఉన్న చెక్క తీసేశారని కాని, ఆ దూలమే వేరే ఇంటి నుంచి తెచ్చినదని కాని అర్థం. రెండింటిలో ఏది నిజమో పక్క దూలాలు చెబుతాయి: బెజ్జాలు ఒక వరుసలో ఎదురెదురుగా ఉంటే చెక్క తీసేసినది, పొంతన లేకుండా ఉంటే దూలం తెచ్చినది. ఇంగ్లండ్‌లో వడ్రంగులు చట్రాన్ని నేల మీద ముందుగా పేర్చి చూసుకుని, అతుకుల దగ్గర రోమన్ అంకెల వంటి గీతలు చెక్కి, ఆ వరుసలోనే నిలబెట్టేవారు. ఆ గీతల వరుస తప్పిన చోట మార్పు జరిగిందని పరిశోధకులు పట్టుకుంటారు. మన వడ్రంగులు వేసుకున్న గుర్తులు కూడా స్తంభాల అడుగునా, ద్వారబంధం వెనక వైపునా కనిపించవచ్చు. వాటిని తుడవకుండా ఫోటో తీయాలి.

ఓక్ చెక్కను అక్కడ పచ్చిగా ఉన్నప్పుడే వాడేవారు కాబట్టి చెట్టు కొట్టిన ఏడూ ఇల్లు కట్టిన ఏడూ దగ్గరదగ్గరగా ఉంటాయి. వలయాల లెక్కతో తేదీ చెప్పడం అందుకే సాధ్యమైంది. మన తాటి దూలానికి వలయాలే ఉండవు. టేకుకు ఉంటాయి, కాని టేకు చెక్క ఇళ్ళు మారుతుంది. తాతగారి ఇంటి దూలం తండ్రి ఇంటికి, అక్కడి నుంచి కొడుకు ఇంటికి వస్తుంది. మంచి టేకు కనిపించినప్పుడు అది ఎక్కడిదో అడగాలి. ఉత్తరాంధ్ర తీరం రేవుల నుంచి ఓడ ఎక్కి రంగం (రంగూన్) వెళ్ళి సంపాదించి వచ్చిన కుటుంబాల ఇళ్ళలో బర్మా టేకు, అక్కడి నుంచి తెచ్చిన పెట్టెలు, పింగాణీ ఉంటాయి. 1942లో జపాను దాడితో ఆ దారి మూసుకుపోయింది. రంగం డబ్బుతో కట్టిన ఇంటికి ఆ ఏడాది ఒక హద్దుగా పనికివస్తుంది.

పెరటిని వదలకూడదు. పశువుల శాల, గాదె, నుయ్యి, కళ్ళం, ఎడ్లబండి నిలిపే చోటు పటంలోకి ఎక్కాలి. రైతు ఇంటి చరిత్రలో సగం పంట చరిత్ర. గాదె పెద్దదై ఇల్లు చిన్నదైతే ఆ కుటుంబం దేనికి డబ్బు పెట్టిందో తెలుస్తుంది.

చెక్కిన తేదీని చదవడం

ద్వారబంధం మీదనో, గజలక్ష్మి బొమ్మ కిందనో తేదీ చెక్కి ఉంటే అదృష్టమే, కాని అక్కడే ఎక్కువ పొరపాట్లు దొర్లుతాయి. ఒక గుమ్మం మీద “శ్రీముఖ నామ సం. మాఘ శు. 10” అని ఉందనుకుందాం. అరవై ఏళ్ళ చక్రంలో శ్రీముఖ 1873–74లో వచ్చింది, 1933–34లో వచ్చింది, 1993–94లో కూడా వచ్చింది. శాలివాహన శకం 1795 అని పక్కనే ఉంటే మొదటిదని తేలుతుంది: శక సంవత్సరానికి 78 కలిపితే 1873. అయితే మాఘ మాసం జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడుతుంది కాబట్టి ఆ గుమ్మం నిలిపినది 1873లో కాదు, 1874 ఆరంభంలో. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా 79 కలపాలని గుర్తుంచుకుంటే చాలు. ఇటువంటి చిక్కే ఇంగ్లండ్‌లోనూ ఉంది. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందువల్ల 1650 ఫిబ్రవరి అని రాసిన దస్తావేజు మన లెక్కలో 1651 నాటిది.

జమీందారీ ఎస్టేటు రసీదుల్లో, శిస్తు కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. ఫసలీ జులై 1న మొదలవుతుంది. జులై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. ఫసలీ 1318 అంటే 1908 జులై నుంచి 1909 జూన్ వరకు.

చెక్కిన తేదీ దేని తేదీ అన్నది మరో ప్రశ్న. ఇంగ్లండ్ రైతు ఇళ్ళ గుమ్మాల మీద తేదీ రాయిపై మూడు అక్షరాలు ముక్కోణంలా ఉంటాయి: పైన ఇంటిపేరు మొదటి అక్షరం, కింద భర్త పేరు, భార్య పేరు మొదటి అక్షరాలు. ఆ ఏడు ఇల్లు కట్టారనే చాలామంది అనుకుంటారు. విచారిస్తే పెళ్ళి జరిగిన ఏడనో, ఒక గది చేర్చిన ఏడనో తేలుతుంది. మన గుమ్మం తేదీ కూడా గృహప్రవేశానిదో, ద్వారబంధం మార్చిన నాటిదో కావచ్చు. ద్వారబంధం చెక్క, దాని చుట్టూ గోడ పూత ఒకే దశవేనా అని చూసి గాని తేదీని ఇంటికి అంటించకూడదు.

కాగితాలు

ఇంగ్లండ్‌లో ఈ పని చేసేవారికి కాగితాల ఆసరా పుష్కలంగా ఉంది. 1538 నుంచి చర్చిలలో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఖననాలు రాసిన పుస్తకాలు, 1662 నుంచి 1689 వరకు పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున వేసిన పన్ను జాబితాలు, 1836 నాటి చట్టం ప్రకారం చర్చికి ఇచ్చే దశమ భాగాన్ని నగదుగా మార్చినప్పుడు గీసిన పటాలు వాటిలో ముఖ్యమైనవి. ఆ పటాల్లో ప్రతి పొలం ముక్కకూ అంకె ఉండి, జత పుస్తకంలో యజమాని, సాగుదారు, పొలం పేరు, విస్తీర్ణం రాసి ఉంటాయి. అన్నిటిలోనూ ముచ్చటైనవి మృతుల ఆస్తి జాబితాలు: రైతు చనిపోయాక ఇరుగుపొరుగు పెద్దలు గది గదికీ తిరిగి, ఏ గదిలో ఏ సామాను ఉందో, ధర ఎంతో రాసేవారు. ఇల్లు ఏనాడో మారిపోయినా ఆ జాబితాను బట్టి నాటి గదులను మళ్ళీ కట్టుకోవచ్చు.

మన దగ్గర పరిస్థితి వేరు. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం జరిగాక ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస వంటి జమీందారీల కింద ఉంది. ప్రభుత్వం నేరుగా రైతు దగ్గరే శిస్తు తీసుకున్న రైతువారీ ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దం నాటి సర్వే రికార్డులు దొరికినట్లు జమీందారీ ఊళ్ళలో దొరుకుతాయని ఆశించకూడదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సర్వే, సెటిల్‌మెంట్‌తోనే చాలా ఊళ్ళకు క్రమమైన రికార్డు మొదలైంది. అందులోనూ ఇళ్ళున్న గ్రామకంఠం ఒకే ముద్దగా ఉంటుంది, ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో ఇళ్ళ స్థలాలను కొలవడం చేపట్టారు. ఆ పటం మీ ఊరికి వచ్చి ఉంటే నకలు తీసుకోవాలి.

కాబట్టి ఇంటి చరిత్రకు మనకు అసలైన ఆధారం ఇంట్లోని పెట్టెలో ఉన్న దస్తావేజులే. విక్రయ దస్తావేజు, తనఖా, వీలునామా, పంపకాల కాగితం ఏది దొరికినా ముందు చెక్కుబంది చదవాలి. తూర్పున ఫలానా వారి ఇల్లు, దక్షిణాన రస్తా, పడమర మన ఉమ్మడి గోడ, ఉత్తరాన ఫలానా వారి పశువుల శాల అని రాసిన ఆ నాలుగు హద్దులు నాటి వీధిని మన ముందు నిలబెడతాయి. పంపకాల కాగితంలో “పడమటి వసారా, నూతిలో సగం హక్కు” వంటి మాటలు ఉంటాయి. ఇంగ్లండ్ ఆస్తి జాబితాలకు మన దగ్గర దగ్గరి బంధువు ఇదేనని నేననుకుంటాను. పాత దస్తావేజుల నకళ్ళ కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేయవచ్చు, పంచాయతీలో ఇంటి పన్ను రిజిస్టరు చూడవచ్చు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినా కొన్ని కరణాల కుటుంబాలలో పాత లెక్కల కట్టలు మిగిలి ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు, తీసుకువెళ్ళమని మాత్రం అడగకూడదు, అక్కడే ఫోటో తీసుకోవాలి.

పై స్థాయి రికార్డుల కోసం వెతికేటప్పుడు జిల్లా పేరు కాలాన్ని బట్టి మారుతుంది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట 1936 మార్చి దాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఒడిశా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. బొబ్బిలి వైపు ఇల్లయితే 1950 దాకా విశాఖపట్నం, 1979 దాకా శ్రీకాకుళం, ఆ జూన్ నుంచి విజయనగరం. 2022 ఏప్రిల్‌లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరానికి వెళ్ళాయి. ఆంగ్ల రికార్డుల్లో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనే వెతకాలి. మద్రాసు కాలపు రికార్డులు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ళ చరిత్రలైన కైఫీయతులలో మీ ఊరి ప్రస్తావన ఉండవచ్చు గాని మీ ఇంటి ప్రస్తావన ఉండదు. వాటి మీద ఎక్కువ కాలం వెచ్చించకపోవడమే మంచిది.

పెద్దలను అడగడం

ఇల్లు చదివి, కాగితాలు చూశాక పెద్దల దగ్గరికి వెళ్ళాలి. చేతిలో పటం ఉంటే వారి జ్ఞాపకం గది గదికీ నడుస్తుంది. “ఏ సంవత్సరం?” అని అడగడం వల్ల ప్రయోజనం తక్కువ. “మామ్మా, మీరు కాపురానికి వచ్చేటప్పటికి ఈ వసారా మీద పెంకు ఉండేదా, తాటాకేనా?” అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. పెళ్ళి ఏడు తెలిస్తే వసారా ఏడు తెలిసినట్లే. ఎస్టేటు పోవడం, రంగం నుంచి బంధువులు తిరిగి రావడం, ఊళ్ళోకి కరెంటు రావడం, పెద్ద తుపానులు, ఇవన్నీ మేకుల్లా పనికివస్తాయి. వంటింటి మార్పులు, అటకలు, పొయ్యి దిక్కు, ధాన్యం దంచిన చోటు గురించి ఇంటి ఆడవారికి తెలిసినంత మగవారికి తెలియదు. వారిని వేరుగా, తీరికగా అడగాలి. ఇంట్లో పనిచేసిన పాలేరుల కుటుంబాలను, గోడ పెట్టిన మేస్త్రీ, వడ్రంగి, పెంకు నేసినవారి పిల్లలను కూడా అడగాలి. యజమాని చెప్పని సంగతులు వారి దగ్గర ఉంటాయి, ఇల్లు వారి చేతుల మీద కూడా నిలిచింది. మాట రికార్డు చేసేముందు అనుమతి తీసుకోవాలి.

ఇద్దరు చెప్పినది కలవకపోతే రెండూ రాయాలి. ఎవరు చెప్పారో, ఏ బంధుత్వంలో చెప్పారో రాస్తే చదివేవారు తూచుకుంటారు.

రాయడం

ఇంగ్లండ్ జాబితాలోని వివరణలు ఒక స్థిరమైన వరుసలో సాగుతాయి: ఏ రకం కట్టడం, ఏ కాలం, ఏ పదార్థం, నేల పటం, బయటి రూపం, లోపలి రూపం. ఆ వరుస మనకూ సరిపోతుంది. దాని తరువాత కుటుంబం కథ, పొలం కథ చేర్చుకోవచ్చు. వారి భాషలోని జాగ్రత్తను కూడా తీసుకోవాలి. “పదిహేడో శతాబ్దం తొలి భాగం, లోపలి భాగం అంతకు ముందుది కావచ్చు, పందొమ్మిదో శతాబ్దంలో మార్పులు” అన్నట్లు వారు రాస్తారు. ఒక్క ఏడాదిని గట్టిగా చెప్పాలంటే ఆ ఏడాదికి గట్టి సాక్ష్యం ఉండాలి. నా సలహా ఏమిటంటే ప్రతి వాక్యం పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి: కళ్ళతో చూసినది, కాగితంలో ఉన్నది, విన్నది, ఊహించినది. అచ్చు వేసేటప్పుడు గుర్తులు తీసేసినా, ఊహను ఊహగానే చెప్పేలా వాక్యం రాయాలి. ఇంటిపేరు గొప్పదనం కోసం ఇంటిని ఉన్నదానికన్నా యాభై ఏళ్ళు పాతది చేయవద్దు. 1757 నాటి బొబ్బిలి యుద్ధ కాలంలో ఈ ఇల్లు ఉండేదని చెప్పుకోవడం గర్వంగానే ఉంటుంది; అప్పటి దూలం ఒక్కటైనా చూపించలేనప్పుడు ఆ మాట మీ రాతలోని నిజమైన భాగాలను కూడా అనుమానంలోకి నెడుతుంది.

నేల పటాన్ని దశల వారీగా రంగులతో చూపాలి: అన్నిటికన్నా పాతదానికి ముదురు, తరువాతివాటికి లేత. ఈ ఒక్క పటం నాలుగు పేజీల రాత చేసే పని చేస్తుంది. ఫోటోలు నాలుగు దిక్కుల నుంచి, కొలబద్ద పక్కన పెట్టి తీయాలి. ఫైలు పేరులో ఊరు, గది, దిక్కు, తేదీ ఉండాలి.

పూర్తయిన ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఒకటి, పంచాయతీలో ఒకటి, ఊళ్ళో లేని వారసులందరికీ పీడీఎఫ్‌గా ఒకటి ఇవ్వాలి. దస్తావేజుల నకళ్ళను మాత్రం బయటి ప్రతుల్లో చేర్చకండి. సర్వే నంబర్లు, వాటాలు ఇంటివారి దగ్గరే ఉండాలి. ఇల్లు పడగొట్టే నిర్ణయం జరిగిపోయి ఉంటే కూల్చే రోజున తప్పక అక్కడ ఉండి, గోడ కోసిన చోటల్లా ఫోటో తీయండి, ఏళ్ళ తరబడి పూత కింద దాగిన అతుకులు ఆ రోజే బయటపడతాయి. ఇల్లు నిలిచే ఉంటే, ఇకపై జరిగే ప్రతి మరమ్మతుకూ తేదీ, మేస్త్రీ పేరు, వాడిన పదార్థం, తీసేసిన పాత చెక్క ఎక్కడికి వెళ్ళిందీ అదే పుస్తకం వెనక పేజీల్లో రాస్తూ వెళ్ళాలి.